ఉపయుక్త గ్రంథాల్లో పెద్దమ్మ

రెండో శనివారం పొద్దున అమల వేసుకున్న పథకం చాలా చిన్నది. ఇడ్లీ పాత్ర పొయ్యి మీద పెట్టి, అది ఉడికేలోపు తన వ్యాసం చివర ఉపయుక్త గ్రంథాల పట్టిక పూర్తి చేయాలి. మధ్యాహ్నంలోపు తన పరిశోధన గైడు పరంధామయ్య సార్‌కు పంపాలి. ఆ తర్వాత తలకు నూనె పెట్టుకుని, ఎవరు పిలిచినా పలకకుండా పడుకోవాలి.

అమల తిరుపతిలో ఒక ప్రైవేటు మహిళా కళాశాలలో తెలుగు పాఠాలు చెబుతుంది. కూతురిని హాస్టల్లో చేర్చాక, నలభై దాటాక, పరిశోధనలో చేరింది. పులికాట్ ఒడ్డు ఊళ్ళల్లో చేపల వంటల ఆచారాలు ఆమె అంశం. విశ్వవిద్యాలయం వారు గడువు ఒకసారి పెంచారు, బతిమాలితే ఇంకోసారి పెంచారు, నెలాఖరుతో అదీ అయిపోతోంది. ఒక్క వ్యాసమైనా అచ్చుకు తీసుకున్నారన్న ఉత్తరం లేనిదే ఆమె సిద్ధాంత గ్రంథం ముట్టుకోరు. ఒక సదస్సు వారు అచ్చేసే వ్యాసాల సంపుటికి పంపడానికి ఇదే ఆఖరు రోజు. ఇది తప్పిపోతే ఇన్నేళ్ళ తిరుగుడు, ఎండలో ఒడ్డమ్మట కూర్చుని రాసుకున్న కట్టలు, అన్నీ అటక ఎక్కవలసిందే.

వ్యాసం ఇదివరకే ఒకసారి తిరుగుటపాలో వచ్చింది. లోపల సరుకు బాగుందట, వెనక గ్రంథాల పట్టిక మాత్రం సంతలో మూట విప్పినట్టు ఉందట. పరంధామయ్య సార్ మెత్తటి మనిషే గాని పట్టికల దగ్గర రాయి. పేర్లన్నీ అకారాదిగా ఉండాలి, చేత్తో ఒక్కటీ కొట్టకూడదు, వర్డులో దానికంటూ ఉన్న పద్ధతిలోనే చేయాలి, ఈసారి వరస తప్పితే వ్యాసం మీద గైడుగా ఉన్న తన పేరు తీసేసి పంపుకోమన్నాడు. కాలేజీ లైబ్రరీ చూసే మిస్బా పక్కన కూర్చుని ఆ పద్ధతి నేర్పింది. పుస్తకం పేరు, రాసినవాళ్ళ పేరు, సంవత్సరం గళ్ళల్లో ఒక్కసారి నింపితే చాలు. వ్యాసంలో వాళ్ళ మాట వాడిన చోటల్లా ఒక గుర్తు పెట్టాలి. చివర ఒక్క నొక్కు నొక్కితే పట్టిక దానంతటదే వరసగా వచ్చి కూర్చుంటుంది.

అట్లాగే వచ్చి కూర్చుంది. పుస్తకాలతో పాటు, తాను వెళ్ళి మాట్లాడిన ముగ్గురు ఆడవాళ్ళ పేర్లు కూడా ఇంటర్వ్యూలుగా పట్టికలో పడ్డాయి. తడ దగ్గరి ఊళ్ళో ఉండే తోడికోడలు కోమలి, ఇంట్లోనే ఉండే అత్తగారు చంద్రకాంతమ్మ, తడలో ఉండే అత్తగారి అక్క తిరుమలమ్మ. ముగ్గురూ రొయ్యల గురించి గంటలు గంటలు చెప్పినవాళ్ళే. అమల ఫైలు సేవ్ చేసి, పంపబోతుంటే నెట్ పోయింది. అది ఆ వీధిలో రోజూ పోయేదే, కాసేపటికి వచ్చేదే. అంతలో ప్రిన్సిపాల్ ఫోను చేసి, తనిఖీ వాళ్ళు వస్తున్నారట, ఉన్నపళాన రమ్మంది.

చీర మార్చుకుంటూనే అమల భర్త మునిచంద్రను పిలిచింది. మెయిల్ రాసి పెట్టానని, నెట్ రాగానే ఫైలు తగిలించి పంపడమొక్కటే పనని చెప్పింది. మధ్యాహ్నం సార్ కొండ మీద దర్శనానికి క్యూలోకి వెళ్ళిపోతాడు, ఫోను కౌంటర్లో ఇచ్చేస్తాడు, మళ్ళీ బయటికొచ్చేదాకా దొరకడు, ఆ లోపే ఆయన దాన్ని సదస్సు వారికి పంపాలి అని రెండుసార్లు చెప్పింది. ఆటో ఎక్కబోతూ వెనక్కి తిరిగింది.

"పంపేది నొక్కండి చాలు. ఇంకేం నొక్కొద్దండి."

"నేనేమన్నా చిన్నపిల్లోడినా మే," అన్నాడు మునిచంద్ర.

మునిచంద్ర సహకార బ్యాంకులో గుమాస్తా. అది జీతానికి చేసే పని. బంధువర్గంలో అతనికున్న పేరు వేరు. తడ నుంచి నాయుడుపేట దాకా వాళ్ళవైపు ఏ పెళ్ళి జరిగినా శుభలేఖలో పేర్ల వరస పెట్టేది అతనే. ఎవరు పైన, ఎవరు కింద, ఏ మేనమామ పక్కన ఏ బావ ఉంటే ఇద్దరూ భోజనానికి కూర్చుంటారు, పోయినవాళ్ళను ఏ మూల వేయాలి, ఇదంతా అతని వేళ్ళ చివర ఉంటుంది. ఒక్కసారి అతను ఊళ్ళో లేనప్పుడు శుభలేఖ అచ్చేయించి, తిరుమలమ్మ పేరు చెల్లెలి పేరు కింద వేశారు. ఆమె పెళ్ళికి వచ్చింది, అక్షింతలు వేసింది, పచ్చి మంచినీళ్ళయినా ముట్టకుండా వ్యానులో కూర్చుంది. ఆ తర్వాత కొన్నేళ్ళు రెండిళ్ళ మధ్య మాటల్లేవు.

నెట్ ఇంకా రాలేదు. చంద్రకాంతమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి, కోడలి వ్యాసంలో తన పేరు పడిందట కదా, యాడుందో చూపమంది. మునిచంద్ర చూపించాడు. ఆమె మురిసిపోయింది. ఆ మురిపెంలో అతను తెరను ఫోనుతో ఫొటో తీసి బంధువుల గ్రూపులో పెట్టాడు. ఫోనుకు నెట్ బ్రహ్మాండంగా ఉంది. ఆ నెట్‌తోనే వ్యాసం కూడా పంపవచ్చునన్న సంగతి అతనికి తట్టలేదు.

ముందు కోమలి దగ్గర నుంచి దండాలు వచ్చాయి. తాను అందరికన్నా చిన్నదయినా తన పేరు పైన వేసినందుకు అమలక్కకు పాదాభివందనాలట. అప్పుడు గాని మునిచంద్ర పట్టికను శుభలేఖ చూసే కళ్ళతో చూడలేదు. చూసి, కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు.

"అమ్మా, ఇదేం వరస? కోమలి పైన, నువ్వు మధ్యన, పెద్దమ్మ అడుగునా?"

చంద్రకాంతమ్మ గుండె మీద చెయ్యి వేసుకుంది. "సూడు నాయనా, అది మిషను ఏసిన వరసని అక్కకు ఎట్ల తెలుస్తాది? నేనే చెప్పి ఏయించినానంటాది."

ఆమె మాట పూర్తయ్యేలోపే గ్రూపులో ఒక చిన్న అక్షరాల వాక్యం పడింది. తిరుమలమ్మ గ్రూపు నుంచి వెళ్ళిపోయారు.

మునిచంద్ర ఇక ఆలోచించలేదు. ఇల్లు అంటుకుంటుంటే పక్కవాడి బిందె అని చూడరు. పెద్దమ్మ పేరును పట్టుకుని పైకి లాగాడు. బాగానే వచ్చింది. తృప్తిగా ఇంకెక్కడో నొక్కాడు. పట్టిక ఒక్కసారి కళ్ళు మూసి తెరిచినట్టయి, కోమలి మళ్ళీ పైన, పెద్దమ్మ మళ్ళీ అడుగున. రెండోసారి లాగాడు. రెండోసారీ అంతే. బ్యాంకులో మేనేజరు కూడా తన మాటను ఇంత మొండిగా తిరగ్గొట్టలేదనిపించింది అతనికి.

మిస్బాకు ఫోను చేశాడు. అమల చెప్పిందని చెప్పలేదు, చెప్పలేదని కూడా చెప్పలేదు. పట్టికలో ఒక పేరు పైకి రావాలంటే ఏం చేయాలని మాత్రం అడిగాడు.

"నెంబర్ల స్టైలు ఒకటి ఉండాది అన్నా. అది పెడితే, వ్యాసంలో ఎవరి గుర్తు ముందొస్తే పట్టికలో వాళ్ళే ముందుంటారు. ఏంటికన్నా?"

"ఊరికే మ్మా. తెలుసుకుందామని."

అక్కడి నుంచి మునిచంద్రకు దారి నున్నగా కనిపించింది. ఇది శుభలేఖే. కాకపోతే కొంచెం పొడుగు శుభలేఖ. మిస్బా చెప్పిన స్టైలు పెట్టి, వ్యాసం మొదటి పేజీకి వెళ్ళి, మొదటి వాక్యం చివర పెద్దమ్మ గుర్తు పెట్టబోయి ఆగాడు. పద్ధతి ప్రకారం అందరికన్నా పైన ఉండవలసింది, దివి నుంచి ఆశీర్వదించేవాళ్ళు. కొత్త గడి తెరిచి, కీర్తిశేషులు కుప్పుస్వామి అని తన తండ్రి పేరు కొట్టాడు. పులికాట్ ఉప్పునీటి సరస్సు అన్న మొదటి వాక్యానికి ఆధారం ఆయనయ్యాడు. కుప్పుస్వామి బతికినన్నాళ్ళు చేప వాసన వస్తే వీధిలో కూర్చుని తిన్న మనిషి. చంద్రకాంతమ్మ మాత్రం తెర మీద ఆ పేరు చూసి కళ్ళు ఒత్తుకుంది.

రెండో వాక్యం తిరుమలమ్మది. ఆమె పేరు కింద, విశ్రాంత అంగన్‌వాడీ కార్యకర్త అని కూడా వేశాడు. సరస్సుకు చలికాలంలో పక్షులు ఎక్కడెక్కడి నుంచి వస్తాయో ఆమె చెప్పినట్టయింది. సంస్కృతి అంటే ఏమిటో వివరించే పెద్ద వాక్యం చంద్రకాంతమ్మకు ఇచ్చాడు. కోమలికి తోడికోడళ్ళ మర్యాద చెడకుండా మూడో పేజీలో చిన్న చోటు చూశాడు. ఈ వరసలో పరంధామయ్య సార్ రాసిన పుస్తకం ఎక్కడికో కిందికి జారిపోయింది. అది మునిచంద్ర గమనించాడు గాని, ఆయన మనవాడు కాదు, అలిగినా మన పెళ్ళికి వచ్చేవాడు కాదు.

అంతలో గిరి ఫోను చేశాడు. గిరి మునిచంద్ర చిన్నాన్న కొడుకు, కొండకు టాక్సీ తోలుతాడు. ఫొటో చూశాడట.

"అన్నా, వదిన్ని తడకు తోలుకపోయింది నేను, రొయ్యల బుట్ట మోసింది నేను, ఆ వాసన వారం దినాలు బండిలో భరించింది నేను. నా పేరు యాడ?"

అడిగిన దాంట్లో న్యాయం ఉంది. తడ జాతీయ రహదారి పక్కన ఉందన్న వాక్యం గిరికి ఇచ్చాడు. ఆధారం ఏ రకమని గడి అడిగింది. పుస్తకమా, ఇంటర్వ్యూనా, శబ్దముద్రణా అని. గిరి నోరు మూత పడదు కాబట్టి శబ్దముద్రణ అని పెట్టాడు. గిరి తర్వాత నాయుడుపేట మేనత్తలు వచ్చారు, వాళ్ళకు చేపల పులుసు పేజీ పంచాడు. చిట్టచివర, ఉపసంహారంలో, ఎవరూ అడగకపోయినా వినయంగా తన పేరు కూడా పెట్టుకున్నాడు. పట్టిక ఫొటో తీసి గ్రూపులో వేశాడు. గుక్కెడు నీళ్ళు తాగేలోపు తిరుమలమ్మ గ్రూపులోకి తిరిగి వచ్చింది, రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టింది. పెళ్ళివాళ్ళు భోజనాల పందిట్లో చల్లబడితే ఎట్లా ఉంటుందో మునిచంద్రకు అట్లా ఉంది. నెట్ కూడా వచ్చింది. ఫైలు తగిలించాడు, పంపాడు.

అమల ఇల్లు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. దారిలోనే సార్ మెసేజి చూసుకుంది. అందింది, సదస్సు వారికి పంపుతున్నాను, క్యూలోకి వెళ్తున్నాను అని ఉంది. చెప్పులు విడుస్తూ ఆమె నవ్వింది. ఆ నవ్వు ల్యాప్‌టాప్ దగ్గరికి వచ్చేదాకా ఉంది.

తెర మీద మొదటి పేజీ తెరిచి ఉంది. చదివింది. వెనక్కి వెళ్ళి పట్టిక చూసింది. మళ్ళీ ముందుకు వచ్చింది. కేకలేస్తుందని మునిచంద్ర ఎదురుచూశాడు. ఆమె చాలా నెమ్మదిగా కూర్చుంది. అది కేకలకన్నా చెడ్డదని అతనికి తెలుసు.

"మామ పోయి ఎన్నేళ్ళయిందండీ?"

"నువ్వు కాపురానికొచ్చిన మరుసటేడే గదా."

"మరి నేను ఈ సంవత్సరం ఆయన్ని ఇంటర్వ్యూ చేసినట్టు ఉండాదే."

"సంవత్సరమని ఒక గడి అడిగినాది మే. ఖాళీగా పెడితే బాగుండదని ఈ సంవత్సరమే ఏసినా."

సంగతి మొత్తం ఒక్కొక్కటిగా బయటికి వచ్చింది. పెద్దమ్మ గ్రూపు వదలడం, గిరి న్యాయం, మేనత్తల పులుసు. అమల అన్నీ విన్నది. నెలాఖరు, గడువు, అటక, ఒకదాని వెనక ఒకటి ఆమె కళ్ళ ముందు నిలబడ్డాయి. సార్ పేరు గిరికీ మేనత్తలకూ మధ్యన ఇరుక్కుని ఉంది. ఆ వరస ఆయన చూస్తే చాలు. సార్‌కు ఫోను చేసింది. స్విచాఫ్. సదస్సు వారి నెంబరు సార్ దగ్గరే ఉంది.

గిరి కొండ మీదే ఉన్నాడని అప్పుడు గుర్తొచ్చింది మునిచంద్రకు. ఫోను చేసి, క్యూ దగ్గర పరంధామయ్య గారిని ఎట్లాగైనా పట్టుకోమన్నాడు. ఎట్లుంటాడని గిరి అడిగాడు. అమల ఫోను లాక్కుని, పొట్టిగా, కళ్ళద్దాలతో, తల మీద వెంట్రుక లేకుండా ఉంటారని చెప్పింది. కొండ మీద ఆ గుర్తు చెప్పడమంటే తిరునాళ్ళలో చెప్పులేసుకున్నాయన్ని వెతకమన్నట్టేనని ఆమెకు చెప్పాక తట్టింది.

కాసేపటికి గిరి తిరిగి ఫోను చేశాడు. "వదినా, ఈడ అందరూ గుండ్లే. కళ్ళద్దాల గుండు ఒకాయన్ని పట్టుకుంటే ఆయనది సేలం. నీ వ్యాసం సంగతంతా చెప్పినా. పాపం శానా బాధపడినాడు."

ఇక చేయగలిగింది ఏమీ లేదు. పొద్దుటి ఇడ్లీలు అట్లాగే చల్లబడి ఉన్నాయి. చంద్రకాంతమ్మ కంచంలో రెండు పెట్టి తెచ్చి, కోడలి పక్కన నేల మీద కూర్చుని, తిను మే, అంది. తమ పేర్ల వల్ల ఏదో చెడ్డ జరిగిందని ఆమెకు అర్థమైంది గాని, పేర్ల వల్ల చెడ్డ ఎట్లా జరుగుతుందో అర్థం కాలేదు. తన పేరు తీసేయమంది. కావాలంటే కోమలిది కూడా తీసేయమంది. అక్కది మాత్రం ఉంచమంది. అమలకు ఏడుపు రావలసిన చోట నవ్వు వచ్చి, మధ్యలో ఆగిపోయింది. చదువు అటకెక్కితే ఎక్కింది, సోమవారం నుంచి మామూలు పాఠాలే కదా అని ఆమె తనకు తాను చెప్పుకుంటుంటే, మునిచంద్ర గోడవైపు తిరిగి, దోషి నిలబడ్డట్టు నిలబడ్డాడు. సార్ కాళ్ళ మీద పడతానన్నాడు. తానే చేసినట్టు కాగితం రాసిస్తానన్నాడు.

దీపాలు పెట్టే వేళకు ఫోను మోగింది. పరంధామయ్య సార్. అమల లేచి నిలబడి తీసింది. దర్శనం బాగా అయిందని, ఎక్కడా నిలవనీయలేదని, లడ్లు దొరికాయని సార్ చెప్పుకుంటూ పోయాడు. అమల ఇక ఆగలేక తనే మొదలుపెట్టింది.

"సార్, నన్ను క్షమించాల. ఆ కుప్పుస్వామి గారి సంగతి..."

"ఎవరమ్మా కుప్పుస్వామి?"

సార్ ఆయన పాటికి ఆయన చెబుతున్నాడు. పట్టిక చూశానన్నాడు. అకారాదిగా, చుక్క కూడా తేడా లేకుండా ఉందన్నాడు. క్యూలోకి వెళ్ళే ముందే పంపానని, బయటికొచ్చి ఫోను తీసుకునేసరికి అచ్చుకు తీసుకుంటున్నామని సదస్సు వారి ఉత్తరం కూడా వచ్చి ఉందని, సోమవారం వచ్చి గ్రంథం సమర్పించే కాగితాల మీద సంతకం పెట్టించుకోమని చెప్పాడు. చివర్లో మళ్ళీ అడిగాడు, ఇంతకూ ఆ కుప్పుస్వామి ఎవరని.

"ఎవరూ కాదు సార్," అంది అమల.

"ఎవరూ కాదా?" అంది వెనక నుంచి చంద్రకాంతమ్మ.

ఫోను పెట్టేసి అమల పంపిన మెయిల్ తెరిచింది. తగిలించిన ఫైలు తెరిచింది. అందులో పొద్దున తాను సేవ్ చేసిన పట్టికే ఉంది. కోమలి, చంద్రకాంతమ్మ, తిరుమలమ్మ, సార్ పుస్తకం, ఎవరి చోట వాళ్ళు. రోడ్డు మాటకు గిరి లేడు, పక్షుల మాటకు పెద్దమ్మ లేదు. తెర మీద తెరిచి ఉన్నది వేరు, పంపింది వేరు. ఆమె భర్త వైపు తిరిగింది.

"ఏమండీ, మీరు ఇవన్నీ చేసి మధ్యలో యాడన్నా సేవ్ నొక్కినారా?"

"లేదే. పంపేది తప్ప ఇంకేం నొక్కొద్దంటివి గదా," అన్నాడు మునిచంద్ర.

అమల కుర్చీలో వెనక్కి వాలింది. పొద్దున్నుంచి భుజాల మీద ఉన్నదేదో దిగిపోయినట్టయి, ఒళ్ళంతా తేలికై, ఆకలి వేసింది. మిగిలిన ఇడ్లీలన్నీ కారప్పొడితో తినేసింది. ఆమె తింటున్నంతసేపూ మునిచంద్ర ఎదురుగా కూర్చుని నెయ్యి వేస్తూనే ఉన్నాడు. మధ్యలో గిరి ఫోను చేసి, సేలం ఆయన ఏమైందని కనుక్కుంటున్నాడని చెప్పాడు. అంతా మంచే జరిగిందని ఆయనకు చెప్పమంది అమల.

చేయి కడుక్కుని వచ్చి ల్యాప్‌టాప్ మూయబోతే, మార్పులు దాచమంటావా వద్దా అని అడిగింది. అమల వేలు వద్దు మీదికి వెళ్ళింది. పక్కన చంద్రకాంతమ్మ వచ్చి నిలబడి ఉంది. ఆమె కళ్ళద్దాలు సర్దుకుని, పట్టికలో మొట్టమొదటి పేరును వేలితో ముట్టుకుని, అక్షరాలు చానా బాగా వచ్చినాయి మే, అంది. ఆయన పేరు అచ్చులో పడటం పెళ్ళిపత్రిక తర్వాత ఇదేనంది.

అమల వేలు వెనక్కి తీసుకుంది. ఆ ఫైలును ఇంకో పేరుతో దాచింది. సోమవారం సార్ సంతకం పెట్టించుకుని వస్తూ, దాన్ని అట్ట వేయించి ఒక ప్రతి తీయించింది. మునిచంద్ర స్వయంగా తడకు తీసుకెళ్ళి తిరుమలమ్మ చేతుల్లో పెట్టాడు. ఆమె దాన్ని పసుపు కుంకుమ పెట్టి తీసుకుంది, భోజనం కూడా చేసి పొమ్మంది.

ఆ ప్రతి ఇప్పటికి తడలో ఇంటింటికీ తిరిగి అట్ట ఊడింది. సదస్సు వారి సంపుటిని మాత్రం, తెలిసినంతవరకు, ఇంకా ఎవరూ తెరవలేదు.